సస్పెన్స్ ఖాతాలో ప్రజాతీర్పు

ఎన్నికల ఫలితాలు వచ్చిన సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే నాకు ఉగాది నాటి పంచాంగ శ్రవణం గుర్తొస్తుంది. తేడా ఒక్కటే. సిద్ధాంతి గారు జరగబోయేది చెప్తానంటాడు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాడు. విశ్లేషకుడు జరిగిపోయినదానికి అర్థం చెప్తాడు కాబట్టి ఎన్నటికీ దొరకడు. ఫలానా చట్టాన్ని ప్రజలు తిప్పికొట్టారు, ఫలానా విధానానికి పట్టం కట్టారు అంటాడు. ఓటరు నొక్కింది ఒక గుర్తు మీద మీట. అందులోంచి ఇంత తాత్పర్యం ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. విభూది ఎక్కడినుంచి వచ్చిందని బాబాని నిలదీసే మన హేతువాదులు కూడా ఇక్కడ తల ఊపేస్తారు. నాకు చిరాకు పుట్టించేది అదే.

ఈ తాత్పర్యాలు మరీ ఎక్కువగా పుట్టేది మామూలు ఎన్నికల్లో కాదు, నడిమధ్య వచ్చేవాటిలో. గడువు తీరకముందే సభ రద్దయి వచ్చే మధ్యంతర ఎన్నికలు, ఒకటో రెండో సీట్లకి జరిగే ఉప ఎన్నికలు, అమెరికా వాళ్ళ మిడ్‌టర్మ్‌లు. ప్రభుత్వం మారినా మారకపోయినా "ప్రజలు సందేశం పంపారు" అంటారు.

నేను చదివింది బి.కాం. ఉద్యోగం చేసింది డిఫెన్స్ అకౌంట్స్‌లో. మా లెక్కల్లో ఒక రివాజు ఉంది. ఒక మొత్తం వచ్చింది, ఎంతో తెలుసు, కానీ ఏ పద్దు కిందకి వస్తుందో చెప్పే కాగితం లేదు. అప్పుడు దాన్ని సస్పెన్స్ ఖాతాలో పెడతాం. కాగితం వచ్చాక సరైన కోడ్ హెడ్‌కి సర్దుతాం. కాగితం రాకుండానే "ఇది బహుశా రేషన్ ఖర్చు అయివుంటుంది" అని ఊహించి సర్దితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. ఎన్నికల ఫలితం నా కంటికి అలాంటి మొత్తమే. అంకె ఖాయం. పద్దు తెలియదు.

మా బెంగాల్ నుంచే మొదలుపెడతాను. 1967 ఎన్నికల్లో ఇక్కడ కాంగ్రెసుకి 280 సీట్లలో 127 వచ్చాయి, మెజారిటీ పోయింది. ప్రతిపక్షాలు కలిసి అజయ్ ముఖర్జీ ముఖ్యమంత్రిగా ఐక్య సంఘటన ప్రభుత్వం పెట్టాయి. ఆ నవంబరులోనే గవర్నరు ధర్మవీర దాన్ని బర్తరఫ్ చేశాడు. తర్వాత రాష్ట్రపతి పాలన, 1969 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. ఐక్య సంఘటనకి 214 సీట్లు. కాంగ్రెసు 127 నుంచి 55కి పడిపోయింది.

అప్పటినుంచీ చెప్పుకునే అర్థం మీకు తెలిసిందే. గవర్నరు చేసిన అన్యాయాన్ని ప్రజలు శిక్షించారు, భూముల విషయంలో, కార్మికుల విషయంలో వామపక్షాల విధానాలకి పచ్చజెండా ఊపారు. వినడానికి బాగుంది. ఇప్పుడు సీట్ల కాలమ్ పక్కనున్న ఓట్ల కాలమ్ చూడండి. కాంగ్రెసుకి 1967లో వచ్చింది సుమారు 41 శాతం. 1969లో వచ్చిందీ సుమారు 41 శాతమే. 72 సీట్లు పోయాయి, ఓట్ల వాటా ఒక్క శాతం కూడా కదల్లేదు!

జరిగింది ఇది. 1967లో కాంగ్రెసు వ్యతిరేకులు రెండు కూటములుగా విడిపోయి ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్నారు. 1969లో అందరూ ఒక్కటై ఒక్కో చోట ఒక్కరినే నిలబెట్టారు. లోలోపల కొంతమంది ఇటునుంచి అటు, మరికొంతమంది అటునుంచి ఇటు మారి ఉండొచ్చు. కాంగ్రెసు వరకు నికరం మాత్రం సున్నా. అంటే ఈ "చారిత్రక తీర్పు"లో పెద్ద వాటా ఓటర్ల మనసు మార్పుది కాదు, నాయకుల మధ్య సీట్ల సర్దుబాటుది. ఆ సర్దుబాటు కూడా ఎంతో కాలం నిలవలేదు. 1970 మార్చిలో అజయ్ ముఖర్జీ తానే రాజీనామా చేశాడు. 1972కి వచ్చేసరికి కాంగ్రెసుకి 216 సీట్లు. (ఆ ఎన్నికలో రిగ్గింగ్ జరిగిందన్న ఆరోపణ బలంగా ఉంది. కనుక దాన్ని నేను ఏ వాదానికీ సాక్ష్యంగా వాడను.)

ఒక తమాషా. 1969లో రాష్ట్రమంతా ఐక్య సంఘటన గాలి వీస్తుంటే మా ఖరగ్‌పూర్ పట్నం అంతవరకు గెలిపిస్తూ వచ్చిన కమ్యూనిస్టు నారాయణ చౌబేని పక్కనపెట్టి కాంగ్రెసు అభ్యర్థి జ్ఞాన్‌సింగ్ సోహన్‌పాల్‌ని ఎన్నుకుంది. తర్వాత ఊరంతా 'చాచా' అని పిలుచుకున్న మనిషి, మొత్తం పదిసార్లు ఎమ్మెల్యే. రైలు కార్మికుల ఊరు, అదీ ఎర్రజెండాల యుగంలో! "కార్మికవర్గ తీర్పు" అని రాసేవాళ్ళు ఈ ఊరిని ఏం చేస్తారో నాకు తెలియదు.

ఇదే కాలంలో తెలంగాణాలో జరిగింది ఇంకా గట్టి పరీక్ష. ఎందుకంటే అక్కడ విధానం ఒక్కటే, అందరికీ అర్థమయ్యేదే: ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా. 1969 ఉద్యమంలో వందలమంది ప్రాణాలు పోయాయి. ఇందిరాగాంధీ ఏడాది ముందుగా లోక్‌సభ రద్దు చేయించి 1971 మార్చిలో మధ్యంతర ఎన్నికలకి వెళ్ళింది. దేశమంతా గరీబీ హటావో గాలి, ఆవిడ కాంగ్రెసుకి 352 సీట్లు. ఆ గాలిలో కూడా తెలంగాణాలోని 14 సీట్లలో 10 మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణా ప్రజా సమితికి వెళ్ళాయి. చెన్నారెడ్డి మీద అప్పటికి పోటీ చెయ్యకుండా కోర్టు అనర్హత ఉంది, అయినా ఇంత ఫలితం. ఒక విధానం గురించి ఓటరు నోరు తెరిచి చెప్పిన సందర్భం చూపించమంటే నేను ముందు దీన్నే చూపిస్తాను.

మరి దాని ఫలం? ఆర్నెల్లకి, 1971 సెప్టెంబరులో, ప్రజా సమితి కాంగ్రెసులో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఓటరు రాష్ట్రం అడిగితే ముఖ్యమంత్రిని మార్చి ఇచ్చారు. 1972 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెసు రాష్ట్రమంతా ఊడ్చేసింది, విలీనం ఒప్పుకోని వర్గం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1971 ఫలితం "రాష్ట్రం కావాలి" అన్నదైతే 1972 ఫలితం "అక్కర్లేదు" అన్నదా? ఏడాదిలో జనం కోరిక చచ్చిపోయిందా? లేక వాళ్ళ ముందున్న ప్రశ్నాపత్రంలోంచి ఆ ప్రశ్నని ఎవరో చించేశారా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

1971లో ప్రజా సమితి తరఫున కరీంనగర్ గెలిచినాయన ఎం. సత్యనారాయణరావు. 35 ఏళ్ళ తర్వాత, 2006లో, అదే మనిషి కాంగ్రెసు మంత్రిగా ఉండి, దమ్ముంటే కరీంనగర్ సీటుకి రాజీనామా చేసి మళ్ళీ గెలవమని కె. చంద్రశేఖరరావుని సవాలు చేశాడు. కేసీఆర్ రాజీనామా చేసి డిసెంబరు ఉప ఎన్నికలో 2 లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిచాడు. సత్యనారాయణరావు మంత్రి పదవి పోయింది. చరిత్రకి హాస్యప్రియత్వం ఉందని నమ్మను గానీ, ఇలాంటివి చూస్తే అనుమానం వస్తుంది.

ఆ తర్వాతి అంకెలు వరసగా చదవండి. 2008లో టీఆర్ఎస్ నలుగురు ఎంపీల చేత, 16 మంది ఎమ్మెల్యేల చేత రాజీనామా చేయించింది. మే నెలాఖరులో పోలింగు. తిరిగి దక్కినవి 2 లోక్‌సభ సీట్లు, 7 శాసనసభ సీట్లు. కరీంనగర్‌లో కేసీఆర్ ఆధిక్యం 2 లక్షల నుంచి సుమారు 15 వేలకి దిగింది. ఓటర్లు అవే, నినాదం అదే, ఏడాదిన్నర గడిచింది అంతే. "తెలంగాణా సెంటిమెంటు లేదని తేలిపోయింది" అన్నారు కాంగ్రెసు వాళ్ళు. 2009 సాధారణ ఎన్నికల్లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని టీఆర్ఎస్ గెలిచింది 10 శాసనసభ సీట్లే. సరే, సెంటిమెంటుకి కర్మకాండ కూడా చేసేశారు. అదే ఏడాది నవంబరులో నిరాహారదీక్ష, డిసెంబరు 9న చిదంబరం ప్రకటన. 2010 జూలైలో రాజీనామాలు చేసిన 12 శాసనసభ సీట్లకి ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్‌కి, 1 బీజేపీకి. తెలంగాణా కోసం రాజీనామా చేసినవాళ్ళ వైపే 12కి 12.

ఈ అంకెలని కోరికల థర్మామీటరు అనుకుంటే, తెలంగాణా కోరిక 2006లో మండిపోయి, 2008లో చల్లారి, 2009లో గడ్డకట్టి, 2010లో మళ్ళీ సలసలా కాగింది అనాలి. మనుషులు అలా ఉండరు. 2008 ఏప్రిల్‌లో రెండు రూపాయల కిలో బియ్యం మొదలైంది. అంతకుముందే కేంద్ర బడ్జెట్లో రైతు రుణమాఫీ వచ్చింది. మాటిమాటికీ రాజీనామాలేమిటన్న విసుగు ఉంది. అభ్యర్థి మీద కోపం ఉంది, కులం ఉంది, డబ్బు ఉంది. ఇన్నీ కలిసి ఒకే ఒక్క మీట మీద వేలుగా దిగుతాయి. ఆ వేలిముద్రలోంచి తెలంగాణా పాలు ఎంతో విడదీసే యంత్రం ఎవరి దగ్గరుంది?

ఇక్కడ హేతువాదులు వేయాల్సిన ప్రశ్న మనం జ్యోతిష్కులకి వేసేదే. ఫలితం తారుమారైతే నీ మాట తప్పని ఒప్పుకుంటావా? 2008ని సాక్ష్యంగా చూపినవాళ్ళు 2010ని కూడా సాక్ష్యంగా ఒప్పుకోవాలి కదా. ఒప్పుకోలేదు. 2010ని చూపినవాళ్ళు 2008ని "మా వ్యూహలోపం" అన్నారు. గెలిస్తే సందేశం, ఓడితే వ్యూహలోపం. జాతకం తప్పితే "పుట్టిన వేళ సరిగ్గా రాసుకోలేదు" అనడానికీ దీనికీ నాకు తేడా కనిపించదు.

అలాగని అన్ని ఫలితాలూ ఒకే తూకం కావు. 2010 ఉప ఎన్నికలో ప్రశ్న ముందే ప్రకటించారు, దానికోసమే సీట్లు వదిలారు, ఓటరుకి కూడా అది తెలుసు. ఒక విధానం మీద అడిగిన ప్రశ్నకి మన దేశంలో ఉప ఎన్నిక ఎంత దగ్గరగా రాగలదో అంత దగ్గరగా వచ్చింది. పక్కనే 2012 జూన్ పెట్టి చూడండి. 18 శాసనసభ సీట్లలో 15 వైఎస్సార్ కాంగ్రెసుకి. అందులో విధానం ఎంత, చనిపోయిన నాయకుడి జ్ఞాపకం ఎంత, జైల్లో ఉన్న కొడుకు మీద జాలి ఎంత? రెండేళ్ళకి, 2014లో, సీమాంధ్రలో అధికారం తెలుగుదేశానికి వెళ్ళింది.

విడదీయలేకపోవడం కేవలం సమాచారం లేక కాదు, లెక్కలోనే ఉన్న చిక్కు. ఐదుగురు ఓటర్లని తీసుకోండి. ముందున్న విషయాలు మూడు: మంచినీళ్ళు, క్వార్టర్లు, ఎన్.ఆర్.సి. పార్టీలు రెండు, ఎర్ర, పచ్చ. మొదటివాడికి నీళ్ళు, క్వార్టర్ల విషయంలో ఎర్ర నచ్చింది, ఎన్.ఆర్.సి.లో పచ్చ. రెండోవాడికి నీళ్ళు, ఎన్.ఆర్.సి.లో ఎర్ర, క్వార్టర్లలో పచ్చ. మూడోవాడికి క్వార్టర్లు, ఎన్.ఆర్.సి.లో ఎర్ర, నీళ్ళలో పచ్చ. మిగిలిన ఇద్దరికీ మూడింట్లోనూ పచ్చే. ఎవడికి ఎక్కువ విషయాల్లో ఏది నచ్చితే వాడు దానికే ఓటేస్తాడు. ఎర్ర 3-2తో గెలిచింది. ఇప్పుడు ఒక్కో విషయం విడిగా లెక్కపెట్టండి. నీళ్ళలో పచ్చకి ముగ్గురు, క్వార్టర్లలో ముగ్గురు, ఎన్.ఆర్.సి.లో ముగ్గురు. గెలిచిన పార్టీ విధానాల్లో ఒక్కదానికి కూడా మెజారిటీ లేదు! దీన్ని ఆస్ట్రోగోర్స్కీ వైరుధ్యం అంటారు. కాగితం పెన్సిలు పట్టుకుని ఒకసారి వేసి చూడండి, నా మాట నమ్మక్కర్లేదు.

ఇది కాగితం మీది కసరత్తే అనుకునేవాళ్ళకి గోవా ఉంది. 1963 డిసెంబరులో అక్కడ జరిగిన తొలి ఎన్నికల్లో మహారాష్ట్రవాదీ గోమంతక్ పార్టీ అధికారంలోకి వచ్చింది. గోవాని మహారాష్ట్రలో కలపాలన్నదే ఆ పార్టీ పుట్టుకకి కారణం. "గోవా ప్రజలు విలీనం కోరుకుంటున్నారు" అని నిర్ధారించడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ 1967 జనవరి 16న ఆ ఒక్క ప్రశ్నే విడిగా ఓటుకి పెట్టారు. విలీనం వద్దన్నవాళ్ళు 1,72,191. కావాలన్నవాళ్ళు 1,38,170. వద్దన్నారు, తేలిపోయింది. రెండు నెలలకి మళ్ళీ శాసనసభ ఎన్నికలు జరిగితే గెలిచింది మళ్ళీ ఆ మహారాష్ట్రవాదీ గోమంతక్ పార్టీయే, ముఖ్యమంత్రి మళ్ళీ బందోడ్కరే. పార్టీ కావాలి, దాని ముఖ్య విధానం వద్దు. ఓటర్లకి ఇందులో గందరగోళమేమీ లేదు. గందరగోళమంతా తాత్పర్యం చెప్పేవాళ్ళకే.

అమెరికా గురించి రెండు ముక్కలు. అక్కడ అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో ప్రతినిధుల సభకి ఎన్నికలొస్తాయి. 2022 వరకు గడిచిన నూరేళ్ళలో 1934, 1998, 2002 తప్ప ప్రతి మిడ్‌టర్మ్‌లోనూ అధ్యక్షుడి పార్టీ సీట్లు పోగొట్టుకుంది. పన్నులు పెంచినవాడూ ఓడాడు, తగ్గించినవాడూ ఓడాడు. ఏం చేసినా పడే వాన ఫలానా యాగం వల్ల పడిందంటే మనం నవ్వుతాం కదా. 1916లో న్యూజెర్సీ తీరంలో సొరచేపలు మనుషుల్ని చంపితే ఆ తీరప్రాంతంలో విల్సన్‌కి ఓట్లు తగ్గాయని ఏకెన్, బార్టెల్స్ అనే ఇద్దరు రాజనీతి పండితులు రాశారు. ఆ లెక్క నిలవదని ఫౌలర్, హాల్ అనే మరో ఇద్దరు వాదించారు. సొరచేపల సంగతి ఎలా తేలినా ఓటులో విధానం కానిది చాలా ఉందని మాత్రం నాకనిపిస్తుంది.

ఇక ఇంటికొస్తాను. ఈ వ్యాసం రాయాలనిపించింది ఖరగ్‌పూర్ సదర్ ఉప ఎన్నిక గురించి ఇప్పటికీ వినపడే ఒక మాట వల్ల. 2016లో 90 ఏళ్ళు దాటిన చాచాని బీజేపీ తరఫున దిలీప్ ఘోష్ 6,309 ఓట్లతో ఓడించాడు. 2019 మేలో ఆయన మేదినీపూర్ నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. ఆ ఎన్నికలో మా సదర్ పరిధిలోనే బీజేపీకి 45 వేల పైన ఆధిక్యం ఉంది. సీటు ఖాళీ అయి నవంబరు 25న ఉప ఎన్నిక జరిగింది. తృణమూల్ అభ్యర్థి ప్రదీప్ సర్కార్‌కి 72,893, బీజేపీకి 52,040. ఆర్నెల్లలో 45 వేల ఆధిక్యం 20 వేల లోటయింది. అదే రోజు కలియాగంజ్, కరీంపూర్‌లలో కూడా తృణమూలే గెలిచింది. "ఎన్.ఆర్.సి.ని బెంగాల్ తిరస్కరించింది" అన్నారు.

ఈ మాట మా ఖరిదాకి ఉత్తి రాజకీయం కాదు. ఆ ఆగస్టు 31న అస్సాం తుది జాబితాలో 19 లక్షల మందికి పేర్లు లేవు. ఇక్కడి తెలుగు కుటుంబాల తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల నుంచి వర్కుషాపు పనికి వచ్చినవాళ్ళు. తాత పుట్టిన కాగితం చూపించమంటే నూటికి ఎంతమంది చూపించగలరు? ఆ భయం నిజం, నేను కళ్ళారా చూశాను. కానీ భయం ఉండటం వేరు, 20 వేల ఆధిక్యానికి అదే కారణమనడం వేరు. మే నుంచి నవంబరుకి బీజేపీకి తగ్గినవి 40 వేల పైన. తృణమూల్‌కి పెరిగినవి సుమారు 24 వేలు. మిగతావి కొన్ని కాంగ్రెసుకి వెళ్ళాయో, ఇంట్లో ఉండిపోయాయో పట్టిక చెప్పదు. మే నెలలో జనం ప్రధానమంత్రిని ఎన్నుకుంటున్నామనుకున్నారు, నవంబరులో మునిసిపాలిటీ ఛైర్మన్‌గా వీధివీధీ తెలిసిన మనిషి అభ్యర్థి. మా వీధిలో ఓ పెద్దాయన అన్నమాట: "ఆ ఎన్నార్సీ అంటే ఏటో నాకు తెల్దు బాబూ, కుళాయి ఏయించినాడని ఏసినాను." ఒక్కడి మాట సాక్ష్యం కాదు, నిజమే. కానీ విశ్లేషకులు ఆ ఒక్కణ్ణి కూడా అడగలేదు.

తిరస్కరణ అని మీరనుకున్న ఫలితం నవంబరు 28న వచ్చింది. పౌరసత్వ సవరణ బిల్లు డిసెంబరు 11న రాజ్యసభ దాటింది. మా ఊళ్ళో కొంతమంది మాత్రం ఉప ఎన్నికతో గండం గడిచిందనుకుని కాగితాల సంగతే వదిలేశారు. తప్పుడు తాత్పర్యం వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందంటే ఇక్కడ.

2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఏళ్ళ తరబడి అడిగినది. నాలుగు నెలల తర్వాత శాసనసభ ఎన్నికలు. రాష్ట్రమంతా తృణమూల్ గాలి. ఖరగ్‌పూర్ సదర్‌లో మాత్రం బీజేపీ అభ్యర్థి హిరణ్ ఛటర్జీకి 79,607, ప్రదీప్ సర్కార్‌కి 75,836. ఆధిక్యం 3,771.

2019 పద్ధతిలోనే చదివితే ఇప్పుడు మనం రెండు సంగతులు ఒప్పుకోవాలి: ఖరగ్‌పూర్ ఎన్.ఆర్.సి. కావాలంది, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు తెలుగు వద్దన్నారు. రెండోది విని మా ఖరిదాలో ఎవరైనా నవ్వుతారు. మొదటిదానికి ఎందుకు నవ్వరో నాకు అర్థం కాదు. ఆ 3,771 ఓట్లని ఏ కోడ్ హెడ్‌కి సర్దాలో తెలిసినవాళ్ళు కాగితంతో సహా నాకు రాసి పంపండి.